చదివి మర్చిపోయే పుస్తకాలు మన పిల్లలకు కావాలె

(గ్రంథాలయ వారోత్సవాలప్పుడు నల్లగొండల మాట్లాడింది. ఫోన్ల రికార్డు చేసింది విని రాసిన, మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికి నమస్కారం. వెనక బెంచీలోళ్లకు వినొస్తుందా, వస్తుందంటే చెయ్యి లేపుండ్రి. ఆఁ, సరే. పక్క హాల్ల గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్ పరీక్షకు చదువుకునే పిల్లలున్నరు, పొద్దుగాల తాళం తీయకముందే వచ్చి నిలవడి కుర్చీ పట్టుకునే పిల్లలు, వాళ్లకు మన మైకు అడ్డం కావొద్దని నడిమి తలుపు దగ్గరికేసినం, అందుకే జర గాలాడుతలేదు, ఓర్చుకోండ్రి.

నేను ఇంగ్లిష్ టీచర్ని. ఇరవై రెండేండ్ల సర్వీసుల పదమూడేండ్లు ఆడపిల్లల హాస్టల్ స్కూళ్లల్లనే చేసిన, దేవరకొండ దిక్కు కొన్నేండ్లు, అచ్చంపేట దిక్కు కొన్నేండ్లు, ఇప్పుడు ఈడ నల్లగొండ దగ్గర. నన్ను పిలిచినోళ్లు పిల్లలు చదవాల్సిన మంచి పుస్తకాల మీద మాట్లాడమన్నరు. వారం రోజులు ఆలోచించిన, ఆలోచించి, మళ్ల ఫోన్ చేసి ముచ్చట మార్చుకుంటా అన్న, వాళ్లు కూడా కాదనలేదు. ఎందుకంటే చదవాల్సిన పుస్తకాల లిస్టు ప్రతి ఇంట్ల ఉంది, ప్రతి స్కూల్ గోడ మీద ఉంది. మా పిల్లలు నిజంగ చదివే పుస్తకాల ముచ్చటనే ఎవరు మాట్లాడరు. దిండు కింద పెట్టుకునే పుస్తకాలు, రూముల లైట్లు బందయినంక వరండా లైటు కింద నిలవడి చదివే పుస్తకాలు, అట్టలూడిపోయి ప్లాస్టర్లేసి ఒకల చేతి నుంచి ఒకల చేతికి పోయే పుస్తకాలు.

అవి ఎట్లుంటయంటే, ముందు పేజీల ఒక మ్యాప్ ఉంటది, కొండలు, నది, మూలకు ఒక కోట. పదహారేండ్ల పిల్ల ఉంటది, తన లోపల ఏ శక్తి ఉందో ఆమెకే ఎరుక లేదు. కత్తి, డ్రాగన్, రాణి, శాపం. ఆఖరు పేజీల రెండో భాగం త్వరలో. వీటిని యంగ్ అడల్ట్ ఫాంటసీ అంటరు. యంగ్ అడల్ట్ అనే పేరును వాడుకలకు తెచ్చినోళ్లల్ల లైబ్రేరియన్లే ముందటున్నరు, అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ల 1957ల ఈ వయసు పిల్లల కోసమే వేరే విభాగం పెట్టుకున్నరు, అందుకే ఈ ముచ్చట లైబ్రరీలనే మాట్లాడితే మంచిగుంటదనిపించింది. 1997ల హ్యారీ పోటర్ వచ్చింది, మూడేండ్లకల్లా అది పెద్దోళ్ల పుస్తకాలను కిందికి నెట్టి పై జాగలల్ల కూసునేసరికి 2000ల న్యూయార్క్ టైమ్స్ పిల్లల పుస్తకాలకు వేరే బెస్ట్‌సెల్లర్ లిస్టు పెట్టాల్సొచ్చింది. ఆ తర్వాత 2008ల హంగర్ గేమ్స్. ఆ రెండింటి వెనకాల వందల పుస్తకాలు, సిరీస్ మీద సిరీస్. నేను ఇయ్యాల ఆ పెద్ద పేర్ల గురించి చెప్తలేను. వాటి వెనకాల వచ్చిన వందల గురించి. చదివినప్పుడు మస్తు సంబురం, ఆరు నెలలకు పేరు కూడా యాదికుండదు, అసొంటి వాటి గురించి.

ఒక ముచ్చట చెప్త. నాలుగైదేండ్ల కింద దసరా సెలవులకు ముందల మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె నీలం అట్ట పుస్తకం ఒకటి తెచ్చి, మేడం, మీరు కూడా చదవండి, ఎవరితోనైనా మాట్లాడాలె నేను, అన్నది. ఆ మాట నాకు బాగా తాకింది, చదివినంక మాట్లాడనీకె మనిషి కావాలని ఆ పిల్ల ఎంత ఎదురుచూస్తుందో చూడుండ్రి. ఊరికి తీస్కపోయిన. నాలుగు వందల పేజీల పైనే ఉంది. రెండు రాత్రులల్ల చదివిన. సద్దుల బతుకమ్మ నాడు గునుగు పూలు కట్టలు కట్టి రంగులల్ల ముంచుడు ప్రతి ఏడు నా పనే, ఆ ఏడు మా చెల్లెకు ఇచ్చి అర్రల కూసొని చదివిన. అంత పట్టుకున్నది నన్ను.

సంక్రాంతి సెలవులయి వచ్చినంక ఆ పిల్ల అడిగింది, మేడం, ఆఖర్ల తమ్ముడు చచ్చిపోయినప్పుడు మీకు ఏడుపు రాలేదా అని. నాకు ఆ హీరోయిన్‌కు ఒక తమ్ముడున్నట్టే యాదికి లేదు. మూడు నెలలు కాలేదు ఇంకా. ఆ రాత్రి కూసొని కాయితం తీసి యాదికున్నయన్ని రాద్దామని చూసిన. హీరోయిన్ పేరు రాలేదు. రాజ్యం పేరు రాలేదు. ఇద్దరు పిల్లగాండ్లున్నరు, ఒకడు నల్ల బట్టలు వేసుకుంటడు, అంతవరకు వచ్చింది. ఒక్కటి మాత్రం కండ్ల ముందట కనవడ్డట్టు యాదికుంది: ఆ పిల్ల ఒక తాళం చెవిని వేడి వేడి రొట్టె ముద్దల గుచ్చి దాస్తది, సిపాయి ఆ రొట్టెను చేతిల పట్టుకొని తూకం చూసినట్టు చూసి తిరిగిస్తడు. వేళ్లు కాలుతున్నా ఆమె మొకంల కనవడనియ్యది. అదొక్కటి.

అప్పటి సంది నాకు ఇదొక రంధి లెక్క పట్టుకుంది. నాలుగు వందల పేజీలల్ల ఆ ఒక్క రొట్టె ఎందుకు మిగిలింది, కడమదంత ఏడికి పోయింది, పోయిందంటే ఆ రెండు రాత్రులు దండుగనా.

మొదలు, ఎందుకు పోతదో చెప్త. తర్వాత మా పిల్లలతోని పది పన్నెండు పుస్తకాలు వరుసగ చదివిన, పెన్సిల్ పట్టుకొని చదివిన. చాప్టర్లు చిన్నగుంటయి, ఏడెనిమిది పేజీలు. ప్రతి చాప్టర్ ఒక తలుపు తెరుచుకునే కాడనో, చీకట్ల ఎవరో పేరు పెట్టి పిలిచిన కాడనో ఆగుతది. ఆగనియ్యదు నిన్ను. కథ చెప్పేది ఆ పిల్లే, నేను నేను అని, అది కూడా ఇప్పుడే నడుస్తున్నట్టు, పరుగెత్తుతున్న, చూస్తున్న అన్నట్టు చెప్తది. హంగర్ గేమ్స్ అట్లనే రాసిండ్రు, ఆ పుస్తకంల ఆ పద్ధతికి పని ఉంది, ఎందుకంటే పిల్ల బతుకుతదో చస్తదో ఆమెకే ఎరుక లేనప్పుడు జరిగిపోయినట్టు చెప్పరాదు కద. వెనక వచ్చిన చాన పుస్తకాలల్ల ఆ పని లేదు, ఉరుకుడు ఒక్కటే ఉంది. ఒక చాప్టర్ ఇంకో చాప్టర్‌ను తరుముతది, నిలవడి చూసేటందుకు జాగ లేదు. రోడ్డు మీద బస్సుల పోతుంటే కిటికీల నుంచి చూసిన చెట్ల లెక్క, చూసినప్పుడు అన్ని పచ్చగనే ఉన్నయి, దిగినంక ఒక్క చెట్టు కూడా చెప్పరాదు.

ఇంకొకటి, ఆ రాజ్యాలల్ల ఎవరు పని చెయ్యరు. నేను పెన్సిల్ పట్టుకొని లెక్క చూసిన, వడ్లు ఎవరు పండిస్తున్నరు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నయి, గుర్రాల పెండ ఎవరెత్తుతున్నరు, ఏది ఉండది. ఇక్కడ కూసున్నోళ్లల్ల సగం మంది ఊళ్లోళ్లు, నాగలి, బోరు, బర్లు ఎరిగినోళ్లు, మీకు ఎరుకే, ఒక జాగ మనసుల నిలవడాలంటే అక్కడ ఒక చెమట వాసన ఉండాలె. మంత్రానికి ధర ఉండది. చెయ్యి లేపితే మంట వస్తది, మళ్ల లేపితే మళ్ల వస్తది. ధర లేనిది ఏది యాదికుండదు. ఇంగ అందరు ఒక్క తీరుగనే మాట్లాడుతరు, రాణి, దొంగ, ముసలి మంత్రగత్తె, ముగ్గురి మాట ఒక్కటే, ముగ్గురికి ఎత్తిపొడుపు మాటలు మస్తుగ వస్తయి.

రొట్టె ఎందుకు మిగిలిందంటే నాకనిపిస్తది, అక్కడ రాసినామె ఒక్క నిమిషం ఆగింది. చేతులతోని రాసింది.

సరే, మరి మిగిలింది దండుగనా? ఈ ప్రశ్నకు జవాబు నాకు మన దగ్గరి పాత పుస్తకంలనే దొరికింది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథలు, పన్నెండు భాగాలు. పెద్దోళ్లకు ఎరుకే ఉంటది. దాంట్ల మణిసిద్ధుడు కాశీకి నడిచి పోవాలనుకుంటడు, తోడు కావాలె, పశులు కాసే పిల్లగాడొకడు దొరుకుతడు. ఆ పిల్లగాడు ఏమంటడు? ప్రతి మజిలీల నాకు కథ చెప్తెనే వస్తా అంటడు. దారిల వింతగ కనవడ్డదాని గురించి అడుగుతడు, సాయంత్రం బస చేసిన కాడ ఈయన కథ చెప్తడు. కథల కథ, దాంట్ల ఇంకో కథ. మా తాత దగ్గర ఆ పుస్తకాలల్ల మూడో నాలుగో భాగాలుండె, నేను చదివిన, అందుల ఒక్క రాకుమారుని పేరు ఇప్పుడు చెప్పుమంటె చెప్పరాదు. కని చూడుండ్రి, ఆ కథలు ఎందుకు చెప్పిండు? పిల్లగాడు నడవాలని. కథలు మర్చిపోయిండో లేదో ఎవరికెరుక, కాశీ దాంక నడిచిండు కద. అన్ని క్రోసులు తన కాళ్లతోని నడిచిండు కద.

మా పిల్లల విషయంల నేను కండ్లతోని చూసింది ఇదే. ఆరో తరగతిల తండా నుంచి వచ్చిన పిల్ల ఒకామె, ఇంట్ల లంబాడి మాట్లాడుతరు, బడిల తెలుగు, ఇగ మా దగ్గరికొచ్చేసరికి అంత ఇంగ్లిష్. వాక్యం కింద వేలు పెట్టి చదివేది. పెదవులు కదిలేటివి. ఒక్కో పదం కాడ వేలు ఆగేది, ఆగిన కాడ కాయితం మీద చెమట మచ్చ వడేది. నేను పాఠం పుస్తకంతోని ఎంత కుస్తీ పట్టినా ఆ వేలు కదలలే. ఏడో తరగతి ఎండకాలం సెలవులకు ముందల ఎవరో ఆమెకు ఒక డ్రాగన్ల పుస్తకం ఇచ్చిండ్రు. అర్థం కాని పదాలు కోకొల్లలు. కని డ్రాగన్ గుడ్డు పగులుతుందా లేదా తెల్సుకోవాలె కద, పదం దగ్గర ఆగితే గుడ్డు పగలది. దుంకి పోవుడు నేర్చుకుంది. సెలవులు అయినంక క్లాసుల చదువుమని నిలవెడితే నేను ఆమె చెయ్యి దిక్కు చూసిన. వేలు లేదు. పుస్తకాన్ని రెండు చేతులతోని పట్టుకొని చదువుతుంది. నాకు పాఠం చెప్పాలని యాదికి లేదు కాసేపు, ఆ చేతులే చూసుకుంట నిలవడ్డ.

ఆ డ్రాగన్ పేరేందని మొన్న అడిగిన, ఇప్పుడామె డిగ్రీ చదువుతుంది. ఏమో మేడం, యాదికి లేదు అన్నది.

మర్చిపోవుడు మీద లెక్కగట్టి పనిచేసినాయన ఒకాయనున్నడు, జర్మనీల హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. అర్థం లేని చిన్న చిన్న అక్షరాల ముక్కలు కంఠస్తం చేసి, ఎన్ని గంటలకు ఎంత పోతదో తన మీదనే చూసుకుండు, 1885ల పుస్తకం వేసిండు. మొదటి గంటలల్లనే చాన పోతది, తర్వాత పోవుడు నెమ్మదైతది, ఇది అందరు చెప్తరు. నాకు నచ్చింది రెండో ముచ్చట. పూర్తిగ మర్చిపోయిన అనుకున్నదాన్ని మళ్ల నేర్చుకోవాలంటే మొదటిసారి పట్టినంత టైం పట్టది. అంటే పోయిందనుకున్నది పూర్తిగ పోలేదు, ఏడనో అడుగున ఉంది. ఆయన అక్షరాల ముక్కల గురించి చెప్పిండు, నవలల గురించి కాదు, నేను దాన్ని ఇటు గుంజుతున్న, ఒప్పుకుంటున్న. కని టీచర్‌గ నాకు కనవడేది అదే. మొదటి డ్రాగన్ పుస్తకం నెల పట్టిన పిల్లకు ఐదోది వారం పట్టదు.

ఇగ మా నాయిన ముచ్చట. మా నాయినకు డెబ్బై ఆరు. చందమామ అంటే ఇప్పటికి కండ్లు మెరుస్తయి. 1947 జులైల నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలువెట్టిన పత్రిక, ఊళ్లె ఒక్కరి ఇంటికే వస్తుండె, వాళ్లింటి అరుగు మీద వంతుల వారీగ చదివేటోళ్లంట. అందుల సీరియళ్లుండె, తోకచుక్క, మకరదేవత, కంచుకోట, పాతాళదుర్గం. 1954ల తోకచుక్కతోని మొదలు. అన్ని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు, పన్నెండు సీరియళ్లు, పత్రికల ఆయన పేరు వేయలే, చాన మందికి ఏండ్ల తర్వాత గాని ఎవరు రాసిండ్రో ఎరుక కాలే. చిత్రా గారి బొమ్మలు. నెలకు కొన్ని పేజీలే, ఆఖర్న ఇంకా ఉంది. నెలంత ఆగాలె.

నాయినా, రాకాసిలోయ కథ చెప్పు అన్న. ఇద్దరు పడుచు పిల్లగాండ్లు, అడివి, ఎవరో మాంత్రికుడు, అన్నడు. పాతాళదుర్గం చెప్పు అన్న. కాసేపు ఆలోచించి, అది కూడా గట్లనే ఉండె బిడ్డా, అన్నడు. అంతే. కథ పోయింది. కని ఆ అరుగు యాదికుంది, పేజీ తిప్పేటోడు తొందరగ తిప్పితే పక్కోడు చెయ్యి పట్టుకునుడు యాదికుంది, తర్వాత జీవితమంత రోజు పేపర్ మొదటి అక్షరం కాడ నుంచి ఆఖరి దాంక చదివే అలవాటు ఉంది. మా నాయిన ఏడో తరగతి కాడ బడి బంద్ చేసిండు. మా ఇంట్ల పుస్తకాలుండుడు ఆ మర్చిపోయిన కథల పుణ్యమే.

అందుకే పిల్లలు ఆ చెత్త చదువుతున్నరు మేడం అని తల్లిదండ్రులు వచ్చి అంటే నాకు కష్టమనిపిస్తది. ఇంతకుముందు నేను చేసిన ఒక స్కూల్ల ఇసొంటి పుస్తకాలన్ని బీరువల పెట్టి తాళమేసిండ్రు. పోతే లెక్క చెప్పాలె, జీతంల కోత వడతది అనే భయం ఒకటి, పరీక్షలల్ల రానిది ఎందుకు అనేది ఇంకొకటి. తాళం చెవి ఆఫీసు రూముల మొలకు వేలాడేది. పిల్లలు బీరువ అద్దంల నుంచి అట్టలు చూసేటోళ్లు, అద్దం మీద పిల్లల ముక్కుల మచ్చలుండేవి, సరిగ్గ ఒక ఎత్తున, వరుసగ. ఆ మచ్చలు నేను మర్చిపోను. మూడు అర్జీలు వెట్టినంక, పోయిన పుస్తకం పైసలు నేను కడతా అని రాసిచ్చినంక తెరిచిండ్రు. రెండేండ్లల్ల పోయినవి నాలుగు.

అట్లని అన్ని పుస్తకాలు ఒక్కటే అని నేను అంటలేను. పిల్లలకు నిజం చెప్పాలె. ఇది పలుచగుంది, ఇది గట్టిగుంది అని చెప్పాలె, చెప్తె వాళ్లకు అర్థమైతది, వాళ్లు మనకంటే షార్ప్. నేను ఎట్ల చెప్తనంటే, ఏడెనిమిది పలుచని పుస్తకాలు అయినంక ఒక గట్టిది చేతిల పెడత. ఉర్సులా లెగ్విన్ రాసిన ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ, 1968 పుస్తకం, సన్నగుంటది. ఒక పబ్లిషర్ కొంచెం పెద్ద పిల్లల కోసం ఏమన్న రాయమని అడిగితే రాసింది ఆమె. దాంట్ల మంత్రాల పిల్లగాడు ఒక గురువు వెంట పోతడు. రోజులు గడుస్తయి, గురువు మంత్రమేమి నేర్పడు. వాన వస్తది. వానను పక్కకు మళ్లించుడు మాంత్రికునికి ఎంత పని? ఈయన మళ్లియ్యడు. దట్టమైన చెట్టు ఒకటి చూసుకొని దాని కింద పండుకుంటడు. పిల్లగాడు తడిసి కోపానికొస్తడు. మా పిల్లలు కూడా కోపానికొచ్చిండ్రు, ఎందుకు ఆపలేదు మేడం అని క్లాసుల లొల్లి. సగం పీరియడ్ దాని మీదనే అయింది. ఒక పిల్ల లేసి, ఈడ ఆపితే ఇంకోకాడ కురవది కద మేడం, వాళ్ల చేనుకు వద్దా అన్నది. బోరెండిన ఇంటి పిల్ల ఆమె. పలుచని పుస్తకంల ఈ మాట పుట్టది.

అదే పుస్తకంల ఆ పిల్లగాడు గర్వంతోని చేయరాని మంత్రం చేసి ఒక నీడను లోకంలకు వదులుతడు. అది మొకం మీద గీరుతది, ఆ గాటు ఎన్నటికి పోదు. ముందల దాని నుంచి ఉరుకుతడు, తర్వాత మర్లవడి దాన్నే తరుముతడు, ఆఖర్ల దాన్ని తన పేరుతోనే పిలుస్తడు. మంత్రానికి ధర అంటే అది.

నాకు ఇది చదివినప్పుడల్లా మన పానగల్లు యాదికొస్తది. ఈడికి నాలుగు కిలోమీటర్లుంటది ఛాయాసోమేశ్వరాలయం, కందూరు చోళుల కాలం గుడి, మీరందరు చూసిండ్రు. మూడు గర్భగుళ్లు, ఒకదాంట్ల లింగం మీద పొద్దంత ఒక స్తంభం నీడ వడతది. పొద్దు నడుస్తది, నీడ జరగది. ఎదురుంగ ఒక్క స్తంభం లేదు, బయట నాలుగు దిక్కులున్న స్తంభాల పెట్టుడుల ఉంది కిటుకు. ఎనిమిది వందల ఏండ్లకు పైన అట్లనే నిలవడ్డ నీడ ఊరి పక్కన పెట్టుకొని, మన పిల్ల నీడ కథ చదవాలంటే సముద్రాలు దాటి పోవాల్సొస్తుంది. చదవొద్దని కాదు, నేనే ఇస్తున్న. మన నీడ మీద కూడా ఎవరన్న రాయాలె కద.

నేను వచ్చింది అసలు ఈ మాట కోసమే. మన తెలుగుల గొప్ప పుస్తకాలున్నయి. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలున్నయి. నడుమ మెట్టు లేదు. పన్నెండేండ్ల నుంచి పదిహేడేండ్ల పిల్ల, రెండు రాత్రులల్ల చదివి, సంబురపడి, మర్చిపోయి, ఇంకొకటి ఇయ్యుమని అడిగే పుస్తకం తెలుగుల ఏది? ఒకటి రెండు కాదు, యాభై ఉండాలె, వంద ఉండాలె. చందమామ ఉన్నన్ని దినాలు ఆ పని అది చేసింది, ఆగిపోయి పదేండ్లు దాటింది. ఇప్పుడు మా పిల్ల చందమామ రామాయణం బొమ్మల పుస్తకం నుంచి లేసి ఒక్కసారిగ మూడు తరాల కరువు నవలల దుంకాలె. దుంకుతదా? ఇంగ్లిష్ దిక్కు పోతది, లేకపోతే ఫోన్ దిక్కు పోతది. ఇంగ్లిష్ దిక్కు పోయిన పిల్ల చదువరి అయితది, దానికి నేను సంతోషపడత, కని ఆమె కలలల్ల ఎవరు తెలుగు మాట్లాడరు. ఒక పిల్లను కథ రాయుమంటే హీరోయిన్‌కు ఎలీనా అని పేరు వెట్టింది. మన పేరు పెట్టొచ్చు కద అంటే, మన పేరు పెడితే మంత్రాలు పని చేసినట్టు అనిపించది మేడం అన్నది. ఈ మాట విని నాకు రాత్రి నిద్ర పట్టలే.

రాసేటోళ్లు ఈడ ఇద్దరు ముగ్గురున్నరు, పెద్దోళ్లు, నాకు చెప్పేటంత లేదు, అయినా ఒక చిన్న ముచ్చట. ఆ ఇంగ్లిష్ పుస్తకాల ఇప్పుడే నడుస్తున్నట్టు చెప్పే పద్ధతి తెలుగుల కుదరదు, క్రికెట్ కామెంటరీ లెక్క అయితది అని ఒకాయన నాతోని అన్నడు. మన అవ్వలు కథ ఎట్ల చెప్తరు? ఒక రాజు ఉంటడు. ఆయనకు ఏడుగురు కొడుకులుంటరు. ఏడుగురు వేటకు పోతరు. ఒగ్గు కథ చెప్పేటాయన ఎట్ల చెప్తడు, తల్లి వస్తది, బిడ్డను చూస్తది, ఏమంటది? పోయిండు వచ్చిండు అని కాదు, పోతడు వస్తడు అనే కద. ఆ పద్ధతి మన నోట్లనే ఉంది. పిలుపులు చూడుండ్రి ఇంకా. ఇంగ్లిష్‌ల రాణిని, దొంగను ఒకటే యూ అంటరు. మన పిల్ల డ్రాగన్‌ను మొదటిసారి చూసినప్పుడు ఏమని పిలుస్తది, మీరు అంటదా, నువ్వు అంటదా, తాతా అంటదా? ఏ పేజీల మీరు పోయి నువ్వు వస్తది? ఆ ఒక్క మార్పుతోని సోపతి కుదిరినట్టు చెప్పొచ్చు, ఒక పేజీ వర్ణన మిగుల్తది. ఇది ఇంగ్లిష్‌కు లేని బలం.

జాగలకు కొదవ లేదు. దేవరకొండ ఖిల్లా ఉంది, రాచకొండ ఉంది, నల్లమల ఉంది, పాలమూరు పిల్లలమర్రి ఉంది, ఒక్క చెట్టు మూడెకరాలు పాకింది, ఊడలు చెట్లయినయి, అసలు మొదలేదో చెప్పరాదు. అసలు మొదలేదో ఎరుక లేని చెట్టు. ఇంతకంటే ఏం కావాలె కథకు.

గొప్పగ రాయాల్నని ఎదురు చూడొద్దు, అదే నేను బతిలాడుకునేది. మన దగ్గర రాయగలిగినోళ్లు ప్రతి ఒక్కరు గొప్ప నవలనే రాయాల్నని కూసుంటరు. పిల్లలకు రెండు రాత్రుల పుస్తకం రాయుడు తక్కువ పని అనుకుంటరు. ఎరాగాన్ అనే డ్రాగన్ నవల రాసిన క్రిస్టఫర్ పావొలీని అనేటాయన పదిహేనేండ్లకు మొదలువెట్టిండు, 2002ల ఇంట్లోళ్లే అచ్చేయించిండ్రు, పెద్ద కంపెనీ 2003ల తీసుకుంది. డ్రాగన్ గుడ్డు, అనాథ పిల్లగాడు, ముసలి గురువు, అన్ని ఎక్కడో చదివినట్టే ఉంటయి. ఉండనీ. ఎంత మంది పిల్లలు దాన్ని పట్టుకొని నడిచిండ్రు.

ఇగ బంద్ చేస్త. ఈ టేబుల్ మీద ఒక నోట్‌బుక్ పెట్టిన, రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్, మా తొమ్మిదో తరగతి పిల్లది. ఎలీనా అని రాసిన పిల్లనే. మొన్న ఎండకాలం పానగల్లు పోయి వచ్చినంక మొదలువెట్టింది. పర్మిషన్ తీసుకొనే తెచ్చిన, పేరు చెప్పొద్దన్నది. మొదటి నాలుగు లైన్లు చదువుత.

మా నాయిన గుళ్ల దీపం ముట్టిస్తడు. నేను గడప మీద కూసొని హోంవర్క్ చేస్తా, గడప మీద కూసోవద్దని రోజు తిడతడు. ఇక్కడి నీడ జరగదని అందరికి ఎరుకే. నిన్న పగటీలి నాలుగు వేళ్లంత జరిగింది, నేను ఒక్కదాన్నే చూసిన.

అరవై ఒక్క పేజీలైంది. శనివారం దాంక యూనిట్ టెస్టులున్నయి కాబట్టి ఆగింది. చాయ తాగేటప్పుడు వచ్చి చూడుండ్రి, చేతులు తుడుచుకొని ముట్టుండ్రి, నీళ్ల పెన్నుతోని రాసింది, తడి తగిలితే అక్షరాలు పోతయి. చదివినోళ్లు ఆఖరి పేజీల ఒక లైను రాయాలంట, తర్వాత ఏమైతదనుకుంటున్నరో. నా లైను నేను రాసిన.